బోర్డు చూపిన గది

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గని నర్సయ్యా, ముందుగాల అడిగినదానికి చెప్పు. బోర్డు మీద ఏ గది పేరు చూసినవ్?"

సుగుణ గొంతులో జాలన్నది లేదు. ఎదురుగా ఉన్నవాడు మాత్రం జాలి పడాల్సిన మనిషే. కింది పెదవి పగిలి వాచింది, ఎడమ చెవి కమిలి నల్లబడింది, కుడి చేతికి బేడీ. రెండు రోజులుగా స్టేషన్‌లో జరిగిన మర్యాదలవి. ఇప్పుడు విచారణకని కోల్డ్ స్టోరేజీకి తీసుకొచ్చారు. సాయంత్రం కోర్టు లేచేలోగా ఇతన్ని రిమాండుకు పంపి తీరాలని సీఐ పాండురంగం పట్టు మీదున్నాడు. జాలి పడుతూ కూర్చుంటే ఉన్న కాస్త పొద్దూ చేజారిపోతుంది.

"ఐదో గదే చూసిన మేడం. నా బిడ్డల మీద ఒట్టు. ఐదో గది, ఐదో గది అని ఎర్రగ తిరుగుతాంది బోర్డు మీద."

"గ్యాస్ లీకయింది మూడో గదిల. ఉప్పలయ్య సచ్చింది మూడో గదిల."

"నేనే పొమ్మన్న మేడం. ఈ నోటితోనే పొమ్మన్న."

వరంగల్ మార్కెట్ యార్డు వెనకాల ఉన్న ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో నర్సయ్య ప్లాంట్ ఆపరేటర్. గదుల్ని చల్లబరిచేది అమోనియా. పైపుల్లో ఉన్నంతసేపు అది చల్లదనం, బయటపడిందా ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. అందుకని గదికో సెన్సర్ పెట్టారు. అన్ని సెన్సర్ల వైర్లూ ప్యానెల్ రూంలో ఉన్న ఎనిమిది చానెళ్ల కంట్రోలర్‌కు వెళతాయి. ఏ గదిలో గ్యాస్ తగిలితే ఆ గది పేరు నడవాలోని బోర్డు మీద పడుతుంది, సైరన్ మోగుతుంది. మొన్న మధ్యాహ్నం అలాగే మోగింది. ఐదో గదికి వెళ్లే అమోనియాను కట్టేసే వాల్వు మూడో గది లోపలి గోడకు ఉంది. దాన్ని కట్టడం నర్సయ్య పని. కానీ అప్పుడు కంప్రెసర్ మీద ప్రెషరు ఎగబాకుతోంది, వదిలి రాలేడు. నడవాలో కనబడిన హమాలీ మేస్త్రీ ఉప్పలయ్యను కేకేసి, అన్నా ఐదుల గ్యాసు, జర మూడులకు పోయి వాల్వు కట్టు అన్నాడు. ఉప్పలయ్య వెళ్లాడు. బయటికి వచ్చింది శవం.

"గుమ్మంల అడుగు పెట్టంగనే ఘాటు తెల్వాలె గద నర్సయ్యా?"

"మిర్చి గదుల ముక్కు పనిచేస్తదా మేడం? పొద్దంత దగ్గుడే, కండ్లల్ల నీళ్లే. ఎవ్వని మూతికి చూసినా తువ్వాలే. ఘాటును నమ్ముకుంటే దినాం పదిమాట్ల బయటికురకాలె. మేం ముక్కును నమ్మం, బోర్డునే నమ్ముతం. అందరికి గట్ల నేర్పింది నేనే."

ఉప్పలయ్యా అతనూ నెక్కొండ మనుషులు. రోజూ ఒకే రైల్లో వచ్చి, ఒకే సద్ది డబ్బాలో చేతులు పెట్టుకుని తిన్నవాళ్లు. ఇతను అబద్ధమాడడం లేదని సుగుణకు అనిపించింది. అనిపించడం కోర్టులో చెల్లదు, అదే చిక్కు.

"ఇంక వీనితోని ముచ్చట్లేంది?"

నడవా అవతలి నుంచి దూసుకొచ్చాడు సుదర్శన్. ఉప్పలయ్య సొంత తమ్ముడు, ఈ కోల్డ్ స్టోరేజీలోనే ఎలక్ట్రీషియన్. కళ్లు ఏడ్చి ఏడ్చి చింతనిప్పుల్లా ఉన్నాయి. వచ్చీ రావడంతోనే నర్సయ్య కమిలిన చెవి మీదే చాచి కొట్టాడు. "పోవాల్సినోడివి నువ్వు! నీ పనికి మా అన్ననెందుకు పంపినవ్ రా?" అని రెండోది కొట్టాడు. నర్సయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు.

పాండురంగం గోడకానుకుని తీరిగ్గా చూశాడు. మూడో దెబ్బ కూడా పడ్డాక, "చాలు తమ్మీ, కోర్టు వాళ్లకు కొంచెం మిగల్చు" అన్నాడు.

ఈ పాండురంగం కిందే ఒకప్పుడు సుగుణ ఎస్సైగా పనిచేసింది. లాకప్‌లో ఒక ముసలాణ్ని కొట్టవద్దన్నందుకు ఆమెను మూడు స్టేషన్లు తిప్పాడు. విసిగి ఉద్యోగం వదిలేసి హన్మకొండలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అప్పటి నుంచీ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఒళ్లుమంట. నర్సయ్య భార్య రమ వచ్చి కాళ్ల మీద పడినప్పుడు, కేసు ఎవరి చేతిలో ఉందో విన్నాకే సుగుణ ఒప్పుకుందంటే అందులో అబద్ధం లేదు.

"సుదర్శన్, ప్యానెల్ సంగతి చూసేది నువ్వేనట?"

"నేనే. ఏం?"

"మొన్న అది తప్పు చూపించి ఉండొచ్చా?"

"తప్పా?" అతను కళ్లు తుడుచుకున్నాడు. "అంతకు ముందు రోజే చెక్ చేసిన. గాలిల ఇరవై ఐదు పీపీఎం తగిలితే లోపల ప్యానెల్ మీద పసుపు లైటు, యాభై దాటితే సైరన్, బోర్డు. గడియారం నడిచినట్టు నడుస్తది. తప్పు డబ్బది కాదు, వీని కండ్లది. తాగి ఉంటడు."

"సెట్టింగులు మార్చాలంటే?"

"పాస్‌వర్డు కావాలె. వీనికి, నాకు తప్ప ఎవ్వలకు తెల్వది."

"సైరన్ మోగినప్పుడు నువ్వెక్కడున్నవ్?"

"బయట మీటర్ల కాడ. ఉరికొచ్చే వరకే అయిపోయింది." అతను సీఐ వైపు తిరిగాడు. "సార్, ప్యానెల్ రూం సీలు తీయిండ్రి. ఒక్కపారి పోయి అన్ని సెట్ చేసొస్త. మూడో గదిల రైతుల మిర్చి పాడైతాంది."

"పొద్దుగూకనీ, తీస్తలే" అన్నాడు పాండురంగం.

చచ్చింది సొంత అన్న. మూడో రోజుకే ఇతనికి రైతుల మిర్చి మీద బెంగ పట్టుకుందేమిటి అనుకుంది సుగుణ. అయితే అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. పేదవాడికి చావింట్లో కూడా ఉద్యోగం గుర్తుండక తప్పదు.

ఆమె సీఐని, లేడీ కానిస్టేబుల్ వరలక్ష్మిని వెంటబెట్టుకుని మూడో గదిలోకి వెళ్లింది. బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఘాటుకు సీఐ అప్పుడే తుమ్ములు మొదలుపెట్టాడు. సుగుణ నేరుగా వాల్వు దగ్గరికి వెళ్లి టార్చి వేసింది. వాల్వు మెడ చుట్టూ ఉన్న నట్టు మీద తుప్పు గట్టిగా పట్టింది, రెండు మూలల్లో మాత్రం లోహం కొత్తగా మెరుస్తోంది.

"ఇది అరిగి లీకైంది కాదు. పానా పెట్టి తిప్పిండ్రు."

"రిపేరుకు ఎప్పుడో తిప్పి ఉంటరు" అన్నాడు సీఐ ముక్కు తుడుచుకుంటూ.

ఆమె తలుపు లోపలి వైపుకు టార్చి తిప్పింది. తలుపంతా ఎర్రటి కారం దుమ్ము. ఆ దుమ్ములో అరచేతుల గుర్తులు. మనిషి ఎత్తులో కొన్ని, నడుము ఎత్తులో కొన్ని, ఆఖరివి నేలకు జానెడు పైన. వరలక్ష్మి మొహం పక్కకు తిప్పుకుంది. లోపల చిక్కుకున్నవాళ్లు బయటికి రావడానికని తలుపుకొక నాబ్ ఉంది. గుర్తుల్లో సగం ఆ నాబ్ చుట్టూనే ఉన్నాయి. సుగుణ ఒక్క వేలితో దాన్ని నొక్కింది. తలుపు చక్కగా తెరుచుకుంది.

"చూసినవా? నాబ్ పనిచేస్తాంది. చెయ్యి కూడ దాని మీదికే పోయింది. మరెందుకు బయటికి రాలే?"

"ఊపిరి అందక బలం పోయి ఉంటది. సుగుణమ్మా, నీకు కథలల్లుడు ఎప్పటి నుంచో ఉన్న జబ్బు."

"జబ్బు నాకుండనీ. ఇగ దీన్ని చూడు."

ఆమె బ్యాగులోంచి చిన్న సీసా తీసింది. కెమికల్ షాపులో కొన్న అమోనియా నీళ్లు. దూదిని అందులో తడిపి, గోడ మీది సెన్సర్‌కు మూరెడు దూరంలో పట్టుకుంది. ఎక్కువ దగ్గరికి తీసుకుపోతే యాభై దాటి సైరన్ మోగుతుంది. ఆమెకు కావాల్సింది పసుపు లైటే. ఆ కంట్రోలర్ గుణమేమంటే, ఒకసారి అలారం పట్టుకుంటే వాసన పోయినా వదలదు, మనిషి వచ్చి రీసెట్ నొక్కేదాకా తెర మీద అలాగే ఉంటుంది. మొన్నటి అలారాన్ని గదికి సీలు వేసే ముందే రీసెట్ చేసేశారు. కాసేపు పట్టుకుని, దూదిని సీసాలో పెట్టి మూత బిగించి, సీఐ చేతే ప్యానెల్ రూం సీలు తెరిపించింది.

తెర మీద పసుపు రంగులో ఉంది: ఐదో గది.

పాండురంగం తుమ్ములు ఆగిపోయాయి. సుగుణ రీసెట్ నొక్కి, ఆ ఇద్దరినీ ఐదో గదికి తీసుకెళ్లి అదే పని మళ్లీ చేసింది. ఈసారి తెర మీద మూడో గది పడింది.

"సెన్సర్లు, వైర్లు అన్ని మంచిగున్నయి. సెట్టింగులలకు పోయి రెండు చానెళ్ల పేర్లు అటుదిటు చేసిండ్రు. మూడుల గ్యాస్ వదిలితే బోర్డు ఐదంటది. ఐదంటే మనిషి వాల్వు కట్టనీకి మూడులకు పోతడు. ముక్కు ఎట్లాగూ పనిచెయ్యది. మనిషిని తోలి సంపే మిషన్ చేసిండ్రు దీన్ని. నర్సయ్య చూసింది నిజమే."

చెప్పడం పూర్తయ్యేసరికి సీఐ మొహంలో నవ్వు విచ్చుకుంది. ఆ నవ్వును సుగుణ బాగా ఎరుగును. లాకప్ తలుపు దగ్గర చాలాసార్లు చూసింది.

"శానా థ్యాంక్స్ సుగుణమ్మా. నిర్లక్ష్యం కేసును మర్డర్ కేసు చేసి చేతిల పెట్టినవ్. పాస్‌వర్డు ఎందరికి తెలుసు? ఇద్దరికి. ఒకడు సచ్చినోని సొంత తమ్ముడు. ఇంకొకడు, సచ్చినోన్ని నోటితో పిలిచి లోపలికి పంపినోడు. ఏ జడ్జి ఎవల్ని నమ్ముతడో నువ్వే చెప్పు. రెండేండ్లు పడేటోనికి యావజ్జీవం తెచ్చినవ్."

సుగుణ గేటు వైపు చూసింది. గేటు బయట రమ ఎండలో నిలబడి ఉంది. మా ఆయనను విడిపియ్యి అక్కా అని అడిగింది ఆ పిల్ల, ఉరి బిగించమని కాదు. ఇంత తెలివి చూపించి చివరికి తను చేసింది ఆ పనే. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోంచే కోపం వచ్చింది, కోపంలోంచి ఉపాయం వచ్చింది.

"పేర్లు మారినయని ఇప్పుడు తెలిసింది ఎంతమందికి? మన ముగ్గురికి. మార్చినోనికి. అంతే గద?"

"అయితే?"

"వాళ్లిద్దర్ని నడవల నిలబెట్టు. నర్సయ్య బేడీ తియ్యి. వరలక్ష్మి మూడో గదిల సెన్సర్‌కు దూది ఆనిస్తది. ఈసారి సైరన్ మోగాలె."

"నువ్వనుకున్నది కాకుంటే?"

"నర్సయ్య మీద మర్డర్ కేసు రాసుకో. మొదటి సాక్షిగ నేనే సంతకం పెడ్త."

పాండురంగానికి ఆ బేరం నచ్చింది. సుగుణ సంతకంతో సుగుణ మనిషినే లోపలికి పంపడమంటే అతనికి పండగే.

నడవా బయటి షటరు కిందికి దించి ఉంది. అవతల హమాలీలు గుమిగూడారు, ఉప్పలయ్య భార్య చిలుకమ్మ కూడా పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుంది. లోపల నడవాకు ఒక వైపు మూడో గది, ఎదురుగా ఐదో గది. మధ్యలో సుదర్శన్, నర్సయ్య. వాంగ్మూలం రాసుకుంటున్నట్టు సీఐ ఏదో అడుగుతున్నాడు. బేడీ ఎందుకు తీశారో అర్థంకాక నర్సయ్య మణికట్టు రుద్దుకుంటున్నాడు. గుట్టుగా మూడో గదిలోకి వెళ్లిన వరలక్ష్మిని ఇద్దరూ చూడలేదు.

సైరన్ ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా మోగింది. బోర్డు మీద ఎర్రటి అక్షరాలు తిరగసాగాయి. ఐదో గది. ఐదో గది.

నర్సయ్య తలెత్తి బోర్డు చూశాడు. "షటర్ లేపుండ్రి! అందరు బయటికి ఉరుకుండ్రి! ఐదుల గ్యాసు!" అని అరిచాడు. అరుస్తూనే చొక్కా కొస మూతికి అడ్డం పెట్టుకుని, తన స్నేహితుడు చచ్చిన మూడో గదిలోకే, వాల్వు కట్టడానికి పరుగెత్తాడు.

సుదర్శన్ కూడా బోర్డు చూశాడు. మూడో గది తలుపు తెరుచుకోవడం చూశాడు. షటరు వైపు చూశాడు, అది ఇంకా కిందే ఉంది. గిరుక్కున తిరిగి ఐదో గదిలో దూరి, తలుపు లాక్కున్నాడు.

సుగుణ నింపాదిగా నడిచి వెళ్లి ఆ తలుపు తెరిచింది. సీఐ ఆమె వెనకే వచ్చాడు. బస్తాల సందులో సుదర్శన్ ముడుచుకుని కూర్చున్నాడు. మోగుతున్న సైరన్‌ను వరలక్ష్మి ఆపేసింది.

"డబ్బ గడియారం నడిచినట్టు నడుస్తదంటివి. అది ఐదుల గ్యాసంటాంటే ఐదులకే వచ్చి దాక్కున్నవేంది సుదర్శన్?"

అతను బస్తాల సందులోకి ఇంకా ఒదిగాడు.

"ఇక్కడ గ్యాస్ లేదని నీకెట్ల తెలుసు?"

"బుగులుకు... ఎటు ఉరికిన్నో తెల్వలే."

"తెల్వకనే బోర్డు చూసి, ఆగి, తిరిగి ఇటొచ్చినవా? సీఐ సాబ్ నీ ముందటనే ఉండె. ఆయన కండ్లు కూడ తాగినయా?"

గుమ్మం బయటే ఉన్న సుగుణను దాటి పాండురంగం లోపలికి ఒక అడుగు వేశాడు. ఆ అడుగులో లాకప్ తెలుస్తుంది. సుదర్శన్ దాన్ని చూసి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ నర్సయ్య పోతడనుకున్న సార్! ఎప్పుడైనా వాడే పోతడు. నలుగురు హమాలీల ముందట నా చెంప పగలగొట్టిండు. తాగొచ్చి సైరన్ బంద్ పెట్టిన్నని, పని నుంచి తీసేపిస్తనన్నడు. మా అన్న పక్కన్నే ఉండి ఇంకోటి వెయ్యుమన్నడు, నవ్వుకుంట." అతను వెక్కుతున్నాడు. "వాడు పోవాలని పేర్లు మార్చి పెట్టిన. నట్టు వదులు చేసొచ్చి, ఈ తలుపు సందు నుంచి చూసిన. మూతికి తువ్వాల చుట్టుకొని ఒకడు లోపలికి పోయిండు. మొకం కనవళ్లే. అందరు గట్లనే చుట్టుకుంటరు గద."

"మూడో గది లోపలి నాబ్ మంచిగనే ఉంది. ఆ మనిషెందుకు బయటికి రాలే?"

సుగుణకు జవాబు తెలిసిపోయింది. తెలిసినా అతని నోటితోనే చెప్పించాలని పంతం పట్టింది, అంత కోపంగా ఉంది ఆమెకు.

"చెప్పు. ఎందుకు రాలే?"

"బయట నుంచి పట్టుకున్న."

"ఎంతసేపు?"

"సప్పుడు బంద్ అయ్యేదాక. లోపల నుంచి గుద్దుతనే ఉండె. సైరన్ల గొంతు ఇనవళ్లే సార్... నర్సయ్యనే అనుకున్న. ఆఖరికి తలుపు తీసి తువ్వాల గుంజిన."

పాండురంగం కూడా తల దించుకున్నాడు. మూడో గదిలోంచి బయటికి వచ్చిన నర్సయ్య నడవాలో నిలబడిపోయాడు. అంతా విన్నాడు. ఆ చావు తనదని, తన చావును స్నేహితుడు చచ్చాడని అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అతను ఐదో గది గుమ్మం దాకా వచ్చాడు.

"ఆ యాళ్లకు హమాలీలందరు అన్నానికి పోయిండ్రు. మీ అన్న ఒక్కడే నడవల ఎందుకున్నడో తెలుసారా నీకు?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "నా కోసమొచ్చిండు. తమ్మున్ని పని నుంచి తీపియ్యకు నర్సన్నా, వాని పెండ్లి కావాలె అని నా గదుమ పట్టుకొని బతిమాలిండు. సరే, రేపటి సంది మంచిగుండుమను అన్న. ఆ సంతోషంల నడవలకు పోయిండు. అప్పుడే సైరన్ మోగింది."

సుదర్శన్ నుదురు మిర్చి బస్తాకేసి కొట్టుకున్నాడు.

నర్సయ్య అరుపుకు బయట హమాలీలు షటరు ఎత్తేసిన సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. ఐదో గది గుమ్మం పక్కన చిలుకమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. మరిదిని చూసింది. బస్తాల మధ్యలోంచి అతను "వదినా" అని లేవబోయాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అడ్డంగా ఉన్న సీఐని చొక్కా పట్టి బయటికి గుంజి, తలుపును నెట్టి మూసి, రెండు చేతులతో గొళ్లెం పట్టుకుని కాళ్లు నేలకు తన్నిపెట్టింది.

లోపలి నుంచి గుద్దులు మొదలయ్యాయి.

"ఏయ్, పట్టుకోండ్రి ఆమెను! సుగుణా, నువ్వు పక్కన్నే ఉన్నవ్ గద, లాగు!" అని సీఐ కేకలు వేశాడు.

ఆ గదిలో గ్యాస్ లేదని సుగుణకు తెలుసు. లోపలివాడికీ తెలుసు. అయినా తలుపు అవతల వాడు గొంతు చించుకుని అరుస్తున్నాడు, ఈసారి సైరన్ లేదు కనుక ప్రతి మాటా వినబడుతోంది. సుగుణ చేతులు కట్టుకుని చిలుకమ్మ పక్కన నిలబడింది.

"వింటాన్న పాండురంగం. జర ఆగు" అంది.